ప్లాస్టిక్ పైపుల వెల్డింగ్ జాయింట్లు: ప్రెజర్ ఎక్కడ పోతోంది?

క్లుప్తంగా: హెచ్‌డీపీఈ, పీపీఆర్ వంటి ప్లాస్టిక్ పైపులను వేడి చేసి అతికించినప్పుడు జాయింట్ దగ్గర లోపలి వైపు కొంత ప్లాస్టిక్ ఉబికి వచ్చి గట్టిపడుతుంది. అది నీటికి అడ్డమే. అయితే వీధిలో వేసే పెద్ద పైపుల్లో దాని వల్ల పోయే ప్రెజర్ మామూలుగా పైపు గోడ రాపిడి వల్ల పోయేదానిలో 1 నుంచి 8 శాతం మాత్రమే. ఇంటి గోడల్లోకి వెళ్లే 20 మిల్లీమీటర్ల పైపులో, అదీ వెల్డింగ్ సరిగ్గా చేయనప్పుడు, ఒక్కో జాయింట్ దాదాపు ఒక ఎల్బో (పైపును మలుపు తిప్పే ముక్క) అంత నష్టం తెస్తుంది. పై అంతస్తులో షవర్ సన్నబడిపోవడానికి అది సరిపోతుంది.

బెంగళూరులో కావేరి ఐదో దశ 2024 అక్టోబరులో ప్రారంభమైంది. 2007లో నగర పాలికలో కలిసిన 110 గ్రామాల ప్రాంతానికి రోజుకు 775 మిలియన్ లీటర్ల నీళ్లు ఇవ్వడం దాని లక్ష్యం. తొరెకాడనహళ్లి, హారోహళ్లి, తాతగుణి పంపింగ్ స్టేషన్ల మీదుగా నగరానికి నీళ్లు తెచ్చే పెద్ద గొట్టాలు ఉక్కువి. ప్లాస్టిక్ కథ మొదలయ్యేది చివర్లోనే. వీధుల్లోకి చీలే సన్న లైన్లు, ఇంటి కనెక్షన్లు, అపార్ట్‌మెంట్ సంపు నుంచి పైట్యాంకుకు ఎక్కే పైపులు, బాత్రూమ్ గోడల్లో దాగిపోయే పైపులు ఇప్పుడు చాలావరకు ప్లాస్టిక్‌వే.

కొత్త కనెక్షన్ వచ్చినా, పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులు పీకించి ప్లాస్టిక్ వేయించుకున్నా, ప్రెజర్ అనుకున్నంత రాకపోతే ముందుగా అనుమానం పడేది జాయింట్ల మీదే. కదిరి, మదనపల్లె, హిందూపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో ప్లంబింగ్ పని చేసేవాళ్ల నోట, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో రెండు మాటలు వినిపిస్తాయి. వెల్డింగ్ పైపు వేస్తే లోపల మూసుకుపోతుంది, ప్రెజర్ రాదు అన్నది ఒకటి. ప్లాస్టిక్ లోపల నున్నగా ఉంటుంది కాబట్టి నష్టమనే మాటే లేదు అన్నది రెండోది. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. ఏది ఎక్కడ నిజమో తెలియకపోవడం వల్లే తప్పు చోట డబ్బు ఖర్చవుతోంది.

జాయింట్ లోపల ఏం జరుగుతుంది

ప్లాస్టిక్ పైపులను వేడితో అతికించే పద్ధతులు ప్రధానంగా మూడు. లోపల మిగిలే అడ్డం మూడింట్లోనూ ఒకేలా ఉండదు.

మొదటిది బట్ వెల్డింగ్. వీధుల్లో కనిపించే నల్లటి హెచ్‌డీపీఈ పైపు, నీలి చారలున్నది, చాలావరకు ఇలాగే కలుస్తుంది. రెండు పైపు ముక్కలను మిషన్‌లో ఎదురెదురుగా బిగిస్తారు. చివరలను బ్లేడుతో సమంగా చెక్కుతారు. మధ్యలో 200 నుంచి 230 డిగ్రీల వేడి ఉన్న ప్లేటు పెట్టి రెండు చివరలనూ దానికి ఆనిస్తారు. 10 మిల్లీమీటర్ల మందం ఉన్న గోడకు సుమారు 100 సెకన్లు వేడి పడుతుంది. ఆ తరువాత కొద్ది సెకన్లలోనే ప్లేటు తీసేసి, కరిగిన చివరలను ఒకదానికొకటి నొక్కి, పది నిమిషాలకు పైగా కదలకుండా చల్లారనివ్వాలి. నొక్కినప్పుడు కరిగిన ప్లాస్టిక్ బయటికీ లోపలికీ పొర్లుతుంది. బయట రెండు మడతలుగా కనిపించే ఆ ఉబ్బునే పనివాళ్లు బీడ్ అంటారు. బయట ఎంత ఉందో లోపల కూడా దాదాపు అంతే ఉంటుంది, కాకపోతే కంటికి కనపడదు. ఇది లోపం కాదు. రెండు వైపులా సమంగా వచ్చిన బీడ్, వేడి, ఒత్తిడి సరిగ్గా అందాయనడానికి గుర్తు. బీడ్ అసలే రాలేదంటే ఆ జాయింట్‌ను నమ్మడానికి లేదు.

రెండోది ఎలక్ట్రోఫ్యూజన్. లోపల కరెంటు తీగ చుట్టిన కప్లర్ (రెండు పైపులను కలిపే తొడుగు) లోకి రెండు వైపుల నుంచీ పైపులు దూర్చి, నిర్ణీత సమయం కరెంటు ఇస్తారు. కరగడం పైపు బయటి గోడకూ కప్లర్‌కూ మధ్య జరుగుతుంది కాబట్టి నీళ్లు వెళ్లే దారిలోకి ఏమీ పొర్లదు. రెండు పైపు చివరల మధ్య చిన్న సందు మాత్రం ఉంటుంది. నీటి నష్టం పరంగా మూడింట్లో ఇదే మెరుగు, ఖరీదూ ఎక్కువే. గ్యాస్ లైన్లలో ఈ పద్ధతి బాగా వాడతారు.

మూడోది సాకెట్ వెల్డింగ్. ఇంటి లోపల ఆకుపచ్చ లేదా తెల్లటి పీపీఆర్ పైపులకు వాడేది ఇదే. చేతిలో పట్టుకునే మిషన్‌కు రెండు వైపులా అచ్చులుంటాయి. 260 డిగ్రీల వేడిలో ఒక అచ్చు మీద ఎల్బోను, ఇంకో అచ్చులోకి పైపును దూర్చి, 20 మిల్లీమీటర్ల పైపయితే 5 సెకన్లు, 25 అయితే 7 సెకన్లు, 32 అయితే 8 సెకన్లు ఉంచి, తీసి వెంటనే ఒకదాంట్లోకి ఒకటి నెట్టాలి. 20 మిల్లీమీటర్ల పైపు లోపలికి వెళ్లాల్సిన లోతు 14 మిల్లీమీటర్లు. సమయం, లోతు రెండూ సరిగ్గా పాటిస్తే పైపు చివర లోపల సన్నటి అంచు మాత్రమే మిగులుతుంది. పాటించకపోతే ఏమవుతుందో ముందు ముందు చూద్దాం, అసలు సమస్య అంతా అక్కడే ఉంది.

పీవీసీ, సీపీవీసీ పైపులను అతికించే సాల్వెంట్ సిమెంటు ఈ లెక్కలోకి రాదు. అక్కడ వేడి ఉండదు, బీడ్ ఉండదు. సిమెంటు మరీ ఎక్కువ పూస్తే లోపల పేరుకుంటుంది, అంతవరకే.

అడ్డం దగ్గర నీళ్లు ఏం చేస్తాయి

పైపులో ప్రెజర్ రెండు రకాలుగా పోతుంది. ఒకటి పైపు పొడవునా గోడకు రాసుకుంటూ పోయేది. రెండోది ఎల్బో, వాల్వు, జాయింట్ లాంటి ఒక్కో చోట పోయేది. రెండూ సుమారుగా నీటి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతాయి. వేగం రెండింతలైతే నష్టం దాదాపు నాలుగింతలు.

బీడ్ దగ్గర దారి ఇరుకవుతుంది, కాబట్టి నీళ్లు వేగం పుంజుకుంటాయి. ఇందులో పోయేది పెద్దగా ఏమీ లేదు. నష్టం వచ్చేది బీడ్ దాటిన తరువాత. దారి ఒక్కసారిగా వెడల్పయినప్పుడు వేగంగా వచ్చిన నీళ్లు గోడను అంటిపెట్టుకుని విస్తరించలేవు. మధ్యలో ధారగా ముందుకు పోతాయి, గోడకూ ధారకూ మధ్య నీళ్లు సుడులు తిరుగుతాయి. ఆ సుడుల్లో ఖర్చయిన శక్తి తిరిగి ప్రెజర్‌గా మారదు, కొద్దిపాటి వేడిగా పోతుంది. ఇరుకైన చోటి వేగానికీ ఆ తరువాతి వేగానికీ తేడా ఎంత ఎక్కువైతే నష్టం అంత ఎక్కువ.

అంటే చూడాల్సింది బీడ్ ఎన్ని మిల్లీమీటర్లు ఉందని కాదు. పైపు లోపలి వ్యాసంలో అది ఎంత భాగం ఆక్రమించిందన్నది చూడాలి. 90 మిల్లీమీటర్ల దారిలో చుట్టూ 3 మిల్లీమీటర్ల బీడ్ ఉంటే దారి వైశాల్యం 13 శాతం తగ్గుతుంది. 13 మిల్లీమీటర్ల దారిలో చుట్టూ 1.5 మిల్లీమీటర్లు ఉబికినా వైశాల్యం 40 శాతం తగ్గిపోతుంది. బీడ్ సగమే, దెబ్బ మూడింతలు.

బీడ్ ఆకారం కూడా ముఖ్యమే. గుండ్రంగా మడత పడిన బీడ్ మీదుగా నీళ్లు కొంత సాఫీగా జారిపోతాయి. పదునైన అంచు ఉన్నా, రెండు పైపులు ఒక వరసలో కూర్చోక మెట్టులా పడినా నష్టం పెరుగుతుంది. అందుకే బట్ వెల్డింగ్‌లో పైపుల మధ్య ఎగుడుదిగుడు గోడ మందంలో 10 శాతం దాటకూడదని నియమం పెట్టుకుంటారు. 10 మిల్లీమీటర్ల గోడకు ఒక మిల్లీమీటరు. నియమం ప్రధానంగా జాయింట్ బలం కోసమే అయినా, ప్రవాహానికీ మేలు చేస్తుంది.

వీధి పైపులో లెక్క

110 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ పైపును తీసుకుందాం. గోడ మందం 10 మిల్లీమీటర్లు, లోపలి దారి 90. నీళ్లు సెకనుకు ఒక మీటరు వేగంతో పోతున్నాయి. ఒక కిలోమీటరు దూరంలో గోడ రాపిడి వల్లే సుమారు 10 మీటర్ల హెడ్ (నీటి నిలువు ఎత్తుతో కొలిచే ప్రెజర్) పోతుంది. ప్లంబర్ల లెక్కలో ఒక కేజీ ప్రెజర్.

ఇప్పుడు జాయింట్లు. పైపు 12 మీటర్ల ముక్కలుగా వస్తే కిలోమీటరుకు 83 జాయింట్లు, 6 మీటర్ల ముక్కలైతే 166. చుట్టూ 3 మిల్లీమీటర్ల బీడ్ ఉన్న జాయింట్‌కు నష్ట గుణకం (నీటి వేగానికున్న శక్తితో పోలిస్తే అక్కడ ఎంత పోతుందో చెప్పే అంకె), ఆకారాన్ని బట్టి, 0.02 నుంచి 0.1 మధ్య వస్తుంది. మధ్యస్థంగా 0.05 అనుకుంటే 12 మీటర్ల ముక్కలతో కిలోమీటరుకు 20 సెంటీమీటర్లు, 6 మీటర్ల ముక్కలతో 40 సెంటీమీటర్లు పోతాయి. పది మీటర్లలో 2 నుంచి 4 శాతం. పదునైన బీడ్, పొట్టి ముక్కలు రెండూ కలిసినా 85 సెంటీమీటర్లు, అంటే 8 శాతం.

ఇంకా పెద్ద పైపుల్లో ఈ వాటా పెరగదు. 630 మిల్లీమీటర్ల పైపులో బీడ్ ఎత్తు పెరిగినా, లోపలి దారి అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది. 12 మీటర్ల ముక్కలతో లెక్క వేస్తే వాటా 1 నుంచి 3 శాతం దగ్గరే ఆగుతుంది.

డిజైన్ చేసే ఇంజనీర్లు ఈ నష్టాన్ని జాయింట్ జాయింట్‌కూ లెక్క కట్టరు. రాపిడి నష్టం లెక్కకు వాడే హేజన్-విలియమ్స్ సూత్రంలో, పైపు నునుపును సూచించే గుణకాన్ని (ప్లాస్టిక్ పైపుకు 150 దాకా తీసుకోవచ్చు) 140 లేదా 145కు తగ్గించి వేస్తారు. 150 బదులు 140 వేస్తే లెక్కలో నష్టం సుమారు 14 శాతం పెరుగుతుంది. బీడ్‌ల వల్ల వచ్చేది 1 నుంచి 8 శాతం కాబట్టి, ఆ జాగ్రత్తలోనే బీడ్‌లు ఇమిడిపోతాయి, కాలక్రమేణా గోడకు పట్టే పూతకు కూడా కొంత చోటు మిగులుతుంది. డిజైన్ దశలో 150 తీసుకుని, పనిలో 6 మీటర్ల ముక్కలు వాడి, బీడ్ గురించి పట్టించుకోకపోతే మాత్రం కాగితం మీది ప్రెజర్‌కూ చివరి ఇంటి ప్రెజర్‌కూ తేడా కనిపిస్తుంది.

సన్న సైజుల్లో హెచ్‌డీపీఈ చుట్టలుగా కూడా దొరుకుతుంది. వంద మీటర్లకు ఒక్క జాయింట్ కూడా లేని పైపులో ఈ చర్చకు తావే లేదు. అనంతపురం, చిక్కబళ్లాపురం వైపు పొలాలున్న బెంగళూరు కుటుంబాలు బోరు నుంచి ట్యాంకుకు లైను వేయించేటప్పుడు వీలైతే చుట్ట ఎంచుకోవడం మంచిదే. అయితే అక్కడ కూడా జాయింట్ కంటే సైజు ఎంపికే ముఖ్యం. 75 మిల్లీమీటర్ల పైపు వేయాల్సిన చోట డబ్బు మిగులుతుందని 63 వేస్తే, అదే నీటికి రాపిడి నష్టం రెండు రెట్లు దాటుతుంది. జాయింట్లన్నీ తీసేసినా ఆ తేడా పూడదు.

అసలు తేడా తెచ్చేది లోపలి వ్యాసం

జాయింట్ల మీద పడే నింద చాలాసార్లు పైపు సైజు మీద పడాల్సింది. జీఐ, డీఐ (డక్టైల్ ఐరన్, అంటే ఒక రకం పోత ఇనుము) పైపులను సుమారుగా లోపలి దారి సైజుతో పిలుస్తారు. హెచ్‌డీపీఈ, పీపీఆర్ పైపులను బయటి వ్యాసంతో పిలుస్తారు. గోడ మందం లోపలి నుంచి తీసేస్తారు. ప్రెజర్ రేటింగ్ పెరిగేకొద్దీ గోడ మందమవుతుంది, దారి ఇరుకవుతుంది.

పైన చెప్పిన 110 మిల్లీమీటర్ల పైపులో దారి 90 మాత్రమే. 100 మిల్లీమీటర్ల దారి ఉన్న పాత పైపు స్థానంలో, నంబరు పెద్దదే కదా అని దాన్ని వేస్తే, అదే నీటిని పంపడానికి రాపిడి నష్టం దాదాపు 70 శాతం పెరుగుతుంది. రాపిడి నష్టం వ్యాసపు అయిదో ఘాతానికి దాదాపు విలోమంగా ఉండటమే దీనికి కారణం. పాత పైపు తుప్పు పట్టి ఉంటే ఈ తేడా కొంత కప్పబడిపోతుంది. తుప్పు లేని పైపుతో పోల్చినప్పుడు బయటపడుతుంది.

ఇంట్లో ఇది ఇంకా తీవ్రం. అర అంగుళం జీఐ పైపు లోపలి దారి సుమారు 16 మిల్లీమీటర్లు. దాని బదులు వేసే 20 మిల్లీమీటర్ల పీపీఆర్ పైపు, 3.4 మిల్లీమీటర్ల గోడ ఉన్నదయితే, లోపలి దారి 13.2 మాత్రమే. రెండూ నున్నగా ఉన్నాయనుకుని లెక్కిస్తే నష్టం రెండున్నర రెట్లు. ఇక్కడ ఒక్క జాయింట్ కూడా లెక్కలోకి రాలేదు. పైపు మారగానే షవర్ సన్నబడిందని చెప్పే ఇళ్లలో చాలావాటికి మొదటి కారణం ఇదే అయి ఉంటుంది. పీపీఆర్ వేయించుకునేవాళ్లు జీఐ సైజు కంటే ఒక మెట్టు పైది, అంటే 25 మిల్లీమీటర్లది, అడగాలి. దాని దారి 16.6.

ఇంటి గోడలో లెక్క మారిపోతుంది

సరిగ్గా చేయని పీపీఆర్ జాయింట్‌ను నిలువుగా కోసి చూస్తే సంగతి అర్థమవుతుంది. సాకెట్ లోపల పైపు ఆగాల్సిన చోట ఒక మెట్టు ఉంటుంది. 14 మిల్లీమీటర్ల గుర్తు పెట్టుకోకుండా, మెత్తబడిన పైపును ఇంకా గట్టిగా నెడితే చివర ఆ మెట్టుకు తగిలి లోపలికి ముడుచుకుంటుంది. 5 సెకన్ల బదులు 10, 15 సెకన్లు వేడి చేస్తే పైపు గోడ బయటి పొర మాత్రమే కాకుండా మొత్తం మెత్తబడుతుంది, నెట్టినప్పుడు దారిలోకి పొంగుతుంది. కోసిన ముక్కలో నీళ్లు వెళ్లే దారి చుట్టూ మందపాటి పెదవిలా ప్లాస్టిక్ కనిపిస్తుంది, ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ. బయటి నుంచి చూస్తే అదే జాయింట్ బొద్దుగా, బలంగా, చక్కగా కనిపిస్తుంది. మిషన్ వేడి సరిపోవడం లేదేమోనన్న టెన్షన్‌తో, కారకూడదన్న భయంతో ఎక్కువ వేడి ఇచ్చే పనివాళ్లకు బయటి రూపం తప్పుడు ధైర్యం ఇస్తుంది.

అంకెల్లో చూద్దాం. 13.2 మిల్లీమీటర్ల దారిలో చుట్టూ అర మిల్లీమీటరు అంచు మిగిలితే నష్ట గుణకం 0.1 అటూ ఇటూ ఉంటుంది. చుట్టూ 1.5 మిల్లీమీటర్లు పొంగితే ఆకారాన్ని బట్టి 0.5 నుంచి 1.9 వరకు పోతుంది. మామూలు ఎల్బోకు గుణకం సుమారు 1. అంటే చెడ్డ జాయింట్ ఒక్కొక్కటీ ఒక అదనపు ఎల్బోలా పనిచేస్తుంది. ఒక్కో ఎల్బోకు రెండు జాయింట్లు.

ఇప్పుడు పై అంతస్తు ఇంటి బాత్రూమ్. ట్యాంకులో నీటి మట్టానికీ షవర్‌కూ మధ్య ఎత్తు 4 మీటర్లు. సన్న పైపు పొడవు 8 మీటర్లు, ఎల్బోలు 6, జాయింట్లు 12. షవర్‌లో సెకనుకు 0.2 లీటర్లు రావాలి, అంటే 20 లీటర్ల బకెట్ 100 సెకన్లలో నిండాలి. ఆ ప్రవాహానికి పైపు రాపిడిలో సుమారు 1.65 మీటర్లు, ఎల్బోల్లో 0.65 మీటర్లు పోతాయి. జాయింట్లు బాగుంటే అవి తీసుకునేది 13 సెంటీమీటర్లే. ఇంకా మీటరున్నర పైగా హెడ్ మిగులుతుంది, దాంతో డైవర్టర్ (నీళ్లను కుళాయికో షవర్‌కో మళ్లించే వాల్వు), షవర్ పనిచేస్తాయి. జాయింట్లు చెడిపోయి ఒక్కోదానికి గుణకం 1.5 అయితే, అవే దాదాపు 2 మీటర్లు తినేస్తాయి. మొత్తం 4.2 మీటర్లు దాటుతుంది. ఉన్న హెడ్ 4 మీటర్లే కాబట్టి సెకనుకు 0.2 లీటర్లు రానే రావు. ప్రవాహం తగ్గుతూ తగ్గుతూ ఉన్న హెడ్‌కు సరిపోయే చోట నిలబడుతుంది. ఇంట్లోవాళ్లకు అది సన్నటి ధారగా కనిపిస్తుంది.

అదే భవనంలో నాలుగు అంతస్తుల కిందనున్న ఇంట్లో, అదే ప్లంబర్ అలాగే చేసిన జాయింట్లు ఉన్నా, అక్కడ 16 మీటర్ల హెడ్ ఉంటుంది. 4.2 మీటర్లు పోయినా ఎవరికీ తెలియదు. పై అంతస్తువాళ్ల ఫిర్యాదు కిందివాళ్లకు అతిగా అనిపించడానికి కారణం ఇదే. రెండిళ్లలోనూ లోపం ఒకటే.

ఈ లెక్కలో ఒక సర్దుబాటు ఉంది. వీధి లైనులో జాయింట్ల మధ్య 6 మీటర్ల దూరం ఉంటుంది, ఒక బీడ్ రేపిన సుడులు తరువాతి బీడ్ చేరేలోగా ఎప్పుడో సద్దుమణుగుతాయి, కాబట్టి నష్టాలను నేరుగా కూడొచ్చు. బాత్రూమ్ గోడలో జాయింట్‌కూ ఎల్బోకూ మధ్య కొద్ది సెంటీమీటర్లే ఉంటాయి. ఒకదాని సుడుల్లోనే ఇంకోటి పడుతుంది. అసలు నష్టం కూడిక కంటే కొంత తక్కువ కావచ్చు, ఎక్కువ కావచ్చు. పై అంకెలను అందుకే సుమారుగా చూడాలి. వాటి స్థాయి మాత్రం మారదు.

బోరు నీళ్ల మీద ఆధారపడిన ఇళ్లలో ఇంకో సంగతి. నీటిలోని సున్నం, ముఖ్యంగా సోలార్ నుంచి వచ్చే వేడి నీటి లైనులో, గోడకు పూతలా పడుతుంది. 13.2 మిల్లీమీటర్ల దారిలో అర మిల్లీమీటరు పూత రాపిడి నష్టాన్ని దాదాపు 45 శాతం పెంచుతుంది. ఇప్పటికే సగం మూసుకున్న జాయింట్‌లో ఆ పూత చేసే హాని ఇంకా ఎక్కువ. పని చేసిన మొదటి ఏడాది బాగానే ఉండి, తరువాత షవర్ తగ్గిపోయే ఇళ్లలో ఈ రెండూ కలిసి పనిచేస్తూ ఉండొచ్చు.

ప్రెజర్ టెస్ట్ చెప్పని సంగతి

టైల్స్ వేయకముందు లైనంతా నీళ్లతో నింపి, పని చేసే ప్రెజర్‌కు ఒకటిన్నర రెట్లు ఎక్కించి, గేజ్ ముల్లు పడిపోకుండా ఉందా అని చూడటం ఆనవాయితీ. ఈ పరీక్ష కారుతోందా లేదా అన్నది చెబుతుంది. దారి ఎంత మిగిలిందో చెప్పదు. నీళ్లు కదలనప్పుడు రాపిడి లేదు, సుడులు లేవు, నష్టమే లేదు. మూడొంతులు మూసుకుపోయిన జాయింట్ అవతల కూడా ముల్లు పూర్తి ప్రెజర్ చూపిస్తుంది. ఇంకా చెప్పాలంటే, ఎక్కువ వేడి ఇచ్చి దారి మూసేసిన జాయింట్ ఈ పరీక్షలో మంచి మార్కులతో పాసవుతుంది.

ఇక్కడే ఇల్లు కొనేవాళ్లు నష్టపోతున్నారు. టెస్ట్ రిపోర్టు చేతికి వస్తుంది, గోడ పూడుతుంది, టైల్స్ పడతాయి. పదేళ్లో ఇరవయ్యేళ్లో ఆ గోడ వెనక ఏముందో ఎవరూ చూడరు. సన్నటి ధారకు మందుగా పైట్యాంకు దగ్గర ప్రెజర్ పంపు పెట్టుకుంటారు, నెల నెలా కరెంటు బిల్లు కడతారు. గోడ పూడ్చేముందు ప్రతి కుళాయి దగ్గరా బకెట్ పెట్టి సమయం చూసే పరీక్షకు పట్టేది ఒక్క పూట. ప్రెజర్ టెస్ట్‌తో పాటు ఇది కూడా తప్పనిసరి కావాలి.

బీడ్ తీసేయడం ఎప్పుడు అవసరం

హెచ్‌డీపీఈ బట్ జాయింట్ లోపలి బీడ్‌ను పొడవాటి కడ్డీకి బిగించిన కట్టర్‌తో చెక్కే పరికరాలున్నాయి. నీటి లైన్లలో 2 నుంచి 4 శాతం మిగుల్చుకోవడానికి ఆ ఖర్చు దండగ. పైగా చెక్కినప్పుడు రాలే ముక్కలు లైనులో ఉండిపోతే మీటరు జల్లెడలో, వాల్వుల్లో ఇరుక్కుని అసలు బీడ్ కంటే ఎక్కువ నష్టం చేస్తాయి.

మురుగు లైను సంగతి వేరు. అక్కడ పైపు సగం కూడా నిండదు, నీళ్లు వాలు మీద నెమ్మదిగా అడుగున పోతాయి. అడుగున 3 మిల్లీమీటర్ల బీడ్ చిన్న కట్టలా నిలబడి గుడ్డపీలికలను, జిడ్డును పట్టేస్తుంది. అక్కడ భయం ప్రెజర్ నష్టం గురించి కాదు, మూసుకుపోవడం గురించి. అపార్ట్‌మెంట్ మురుగు శుద్ధి ప్లాంటుకు వెళ్లే హెచ్‌డీపీఈ లైన్లలో, ముఖ్యంగా వాలు తక్కువగా ఉన్నప్పుడు, లోపలి బీడ్ తీయించడం అర్థవంతమే. ఫార్మా కంపెనీల అతి శుద్ధ నీటి లైన్లలో బీడ్ అసలు లేకుండా చేసే వెల్డింగ్ పద్ధతులు వాడతారు. అక్కడి కారణం కూడా ప్రెజర్ కాదు, సందుల్లో సూక్ష్మజీవులు చేరకూడదన్నది.

ఫిర్యాదు వచ్చినప్పుడు ఎలా తేల్చాలి

గోడ పగలగొట్టే ముందు తెలుసుకోవాల్సింది ఒకటే. కుళాయి కట్టేసినప్పుడు ప్రెజర్ ఎంత, తెరిచినప్పుడు ఎంత. కుళాయికి బిగించే చిన్న గేజ్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. దాన్ని ఒక కుళాయికి పెట్టి, అదే లైనులో పక్క కుళాయి తెరవాలి.

అన్నీ కట్టేసి ఉన్నప్పుడే ముల్లు తక్కువ చూపిస్తే జాయింట్లకు సంబంధం లేదు. వచ్చే నీటికే ప్రెజర్ లేదు, లేదా ట్యాంకు ఎత్తు చాలదు. ట్యాంకు మట్టం కుళాయికి 4 మీటర్ల పైన ఉంటే 0.4 కేజీ మించి ఏ పైపూ ఇవ్వలేదు. కట్టేసినప్పుడు బాగుండి, తెరవగానే బాగా పడిపోతే దారిలో ఎక్కడో నష్టం ఉంది. అప్పుడు కూడా ముందు చూడాల్సినవి చేతికి అందేవి: మీటరు ముందున్న జల్లెడ, సగం తెరిచి వదిలేసిన వాల్వు, ఇరుక్కుపోయిన ఎన్‌ఆర్‌వీ (నీళ్లను వెనక్కి పోనివ్వని వాల్వు), షవర్ రంధ్రాల్లో సున్నం. రోజు విడిచి రోజు నీళ్లు వచ్చే ప్రాంతాల్లో వీధి లైను ఖాళీ అయిన ప్రతిసారీ గాలి చేరుతుంది. ఎత్తైన చోట ఆగిన గాలి బుడగ నీటికి మంచి అడ్డం. నీళ్లు వదిలిన మొదటి అరగంట కుళాయి తుప్పర్లుగా ఉమ్మితే అనుమానం గాలి మీదే పడాలి.

ఇవన్నీ చూశాక, ఒకే ఇంట్లో ఒక బాత్రూమ్ బాగుండి ఇంకోటి బాగోలేకపోతే జాయింట్ల మీద అనుమానం బలపడుతుంది. సైజు ఒకటే, ట్యాంకు ఒకటే, తేడా పనితనంలోనే ఉండాలి. ఒక ఎల్బో కోసి చూస్తే తేలిపోతుంది.

కొత్తగా పని ఇచ్చేవాళ్లు కాంట్రాక్టు కాగితంలో నాలుగు మాటలు రాయించుకోవచ్చు. పైపు సైజు బయటి వ్యాసంతో పాటు లోపలి వ్యాసంతో కూడా రాయాలి. పీపీఆర్‌కు ఐఎస్ 15801, తాగునీటి హెచ్‌డీపీఈకి ఐఎస్ 4984 గుర్తు పైపు మీద ఉండాలి. పని మొదలయ్యే రోజు ఒక నమూనా జాయింట్ చేయించి, కోసి, లోపలి అంచు ఎంత వచ్చిందో చూసి, ఆ ముక్కను సైటులోనే ఉంచాలి. గోడ పూడ్చేముందు ప్రతి పాయింట్ దగ్గరా 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండిందో రాసి, ప్లంబర్, ఇంటివాళ్లు ఇద్దరూ సంతకం పెట్టాలి.